ఆకు వెనుక తేనె: ఒక యువ రచయితకు లేఖ

గుణుపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన మోదుగపూల వ్యాసం చదివాను. తేనెపిట్ట రాకను కళ్ళకు కట్టినట్లు రాశావు గానీ, అది దేనికోసం ముక్కు దూర్చిందో, ఆ తీపి ఎక్కడ ఊరుతుందో ఒక్క వాక్యమైనా లేదు. విందుకు వచ్చినవారి ముచ్చట చెప్పి వంటింటిని వదిలేసినట్లుంది.

ఆకుల్లో తయారైన చక్కెర పోషక కణజాలం గుండా మకరంద గ్రంథులను చేరి, సుక్రోజు, గ్లూకోజు, ఫ్రక్టోజు, కొద్దిపాటి అమైనో ఆమ్లాలు కలిసిన ద్రవంగా బయటికి స్రవిస్తుంది. ఇంతమాత్రం పాఠ్యపుస్తకమూ చెబుతుంది. నీవు ఆ గ్రంథి చోటు చూపించాలి. గుమ్మడి మగపువ్వులో అది కేసరాల మొదలు కింద దాగి ఉంటుంది; అక్కడి సన్నని సందుల గుండా నాలుక చాపితే తప్ప తేనెటీగకు మకరందం అందదు, అలా చాపే ప్రయత్నంలోనే పుప్పొడి దాని ఒంటికి అంటుకుంటుంది.

పూల దగ్గరే ఆగిపోకు. మన రాయగడ జిల్లాలో పత్తి చేలకు కొదవ లేదు కదా, ఒక ఆకును తిప్పి చూడు: నడిమి ఈనె మీద చిన్న గుంట, అదీ ఒక మకరంద గ్రంథే, అందులో మెరిసే చుక్క, దాని చుట్టూ చీమలు కనిపిస్తాయి. ఆముదంలో ఆకు, కాడ కలిసే చోట ఇవే గ్రంథులు బొడిపెల్లా ఉంటాయి. తంగేడులో చిట్టి ఆకుల జతల మధ్య నిలబడి ఉంటాయి. వీటికి పరాగ సంపర్కంతో పని లేదు. తీపికి వచ్చిన చీమలు ఆకు తినే పురుగులను తరిమేస్తాయి. తుమ్మజాతి చెట్లను చీమలు ఇలా కాపాడడాన్ని ఆంగ్ల ప్రకృతి పరిశీలకుడు థామస్ బెల్ట్ మధ్య అమెరికాలోని నికరాగువాలో గమనించి 1874లో ప్రచురించాడు.

అయితే "మొక్క చీమకు జీతమిచ్చింది" అని మాత్రం రాయకు. పత్తికాయను తొలిచే పురుగుల తల్లి రెక్కలపురుగులు కూడా ఆ చుక్కనే తాగుతాయి. అందుకే ఆకు మీద గ్రంథులు లేని హవాయి అడవి పత్తి నుంచి ఆ లక్షణాన్ని శాస్త్రవేత్తలు సాగు పత్తిలోకి తెచ్చారు. ఈ చిక్కును దాచిపెడితే వ్యాసం అందంగా ఉంటుందేమో గానీ నిజం కాదు, నాకు అది సమ్మతం కాదు.

మోదుగ వ్యాసాన్ని తిరగరాసే ముందు, భూతద్దం పట్టుకుని మీ పెరటి ఆముదం దగ్గర ఒక పూట కూర్చుని, ఏ చీమ ఏ బొడిపె దగ్గర ఎంతసేపు నిలిచిందో రాసి పంపు.

ఆశీస్సులతో.