టెక్ సందేహాలు: డ్రైవు తీసే ముందు సీరియల్ నంబరు చూడండి

ప్రశ్న: మా లైనక్స్ సర్వర్‌లో 4 టీబీ డ్రైవులు నాలుగింటితో సాఫ్ట్‌వేర్ రైడ్ 5 (ఒక డ్రైవు పోయినా డేటా నిలిచేలా డ్రైవులన్నింటినీ కలిపి వాడే పద్ధతి) నడుస్తోంది. ఒక డ్రైవులో పాడైన సెక్టార్లు రోజురోజుకీ పెరుగుతున్నాయి. కొత్తది తెచ్చాను. పనిలో పనిగా మిగతా మూడింటినీ వేరే స్లాట్లలో సర్దుదామనుకుంటున్నాను. కేబుళ్లు మారితే డేటా పోతుందా?

జవాబు: పోదు. తాను ఏ రైడ్‌కు చెందినదో, అందులో తన స్థానం ఎన్నోదో ప్రతి డ్రైవూ తన సూపర్‌బ్లాక్‌లో (రైడ్ వివరాలు దాచుకునే చిన్న భాగంలో) రాసిపెట్టుకుంటుంది. లైనక్స్‌లో రైడ్‌ను నిర్వహించే ఎండీఏడీఎం అనే ప్రోగ్రాం చూసేది దాన్నే, పోర్టును కాదు. అసలు ప్రమాదం డ్రైవులకు లైనక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లతోనే. నిన్నటి ఎస్‌డీసీ ఇవాళ రీబూట్ అయ్యాక ఎస్‌డీబీ కావచ్చు. ఆ పేరును నమ్మి మంచి డ్రైవును తీసేసినవాళ్లు ఉన్నారు. డ్రైవు వివరాలు చూపే స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో సీరియల్ నంబరు చూసి, సర్వర్ ఆపి, డ్రైవు మీది లేబుల్‌తో సరిపోల్చుకోండి. చివరి నాలుగు అక్షరాలు చీటీపై రాసి డ్రైవు అంచున అతికిస్తే ఇంకా మంచిది.

రెండు పనులూ ఒకేసారి పెట్టుకోవద్దు. ముందు బ్యాకప్, ఆ తర్వాత మార్పిడి, చివరికే సర్దుడు. చాలామంది పాత డ్రైవును ఫెయిల్ చేసి (పాడైనట్టు గుర్తు పెట్టి), తీసేసి, కొత్తది పెడతారు. పాతది ఇంకా పనిచేస్తుంటే అలా చేయకండి. రీబిల్డ్ (మిగతా డ్రైవుల నుంచి లెక్కగట్టి డేటాను కొత్తదానిలో రాయడం) ముగిసేదాకా రైడ్‌కు రక్షణ ఉండదు. సెకనుకు 150 ఎంబీ వేగంతో సాగినా 4 టీబీకి 7 గంటలు దాటుతుంది. ఆలోగా మిగిలిన మూడింటిలో ఒక్క సెక్టార్ చదవలేకపోయినా అక్కడి డేటా దక్కదు.

ఖాళీ పోర్టు ఉంటే పాతదాన్ని కదపకుండా కొత్తదాన్ని అక్కడ తగిలించి స్పేర్‌గా (అదనపు డ్రైవుగా) చేర్చండి. తర్వాత ఎండీఏడీఎంలోని రీప్లేస్ ఆప్షన్ వాడండి. లైనక్స్ కెర్నెల్ (దాని మూల ప్రోగ్రాం) 3.3 నుంచి ఈ సదుపాయం ఉంది. డేటా పాత డ్రైవు నుంచే కాపీ అవుతుంది, చదవలేని భాగాలను మాత్రం మిగతా డ్రైవుల నుంచి లెక్కగట్టి రాస్తుంది. పూర్తయ్యాక పాతదాన్ని తనే ఫెయిల్‌గా గుర్తిస్తుంది, అప్పుడు తీసేయవచ్చు. ఒక్కమాట: కొత్తది 4 టీబీ అని లేబుల్ మీద ఉన్నా సెక్టార్ల లెక్క చూసుకోండి. రైడ్ వాడుకుంటున్న పరిమాణం కన్నా తక్కువైతే అది చేరదు.

సర్దేటప్పుడు సర్వర్ ఆపే ఉండాలి. ఆన్ చేశాక రైడ్ స్థితిని చూపే ఎండీస్టాట్ ఫైలులో, పనిచేసే డ్రైవుకు ఒకటి చొప్పున నాలుగు 'యూ'లు వరసగా కనిపించాలి. ఒకచోట అడ్డగీత ఉంటే ఆ కేబుల్ వదులై ఉండవచ్చు. సర్వర్ ఆపి, కేబుల్ బిగించి, ఆన్ చేసి ఆ డ్రైవును రీ-యాడ్ చేయండి (తిరిగి రైడ్‌లో చేర్చండి). బిట్‌మ్యాప్ (మారిన భాగాల నమోదు) ఉంటే ఈలోగా మారిన భాగాలే సింక్ అవుతాయి. కంగారులో కొత్త రైడ్‌ను తయారుచేసే క్రియేట్ ఆదేశం మాత్రం ఇవ్వకండి, అది సూపర్‌బ్లాక్‌లనే తిరగరాస్తుంది.