పది నెలల బాబు తిండిలో పలుకు తగిలితే డోకుతున్నాడు, ఏం చేయాలి?

పటమట నుంచి రాసిన మీరు, పది నెలల బాబు మిక్సీలో తిప్పిన ఉగ్గు తప్ప ఏది పెట్టినా డోకుతున్నాడనీ, ఒక్కో పూట గంటసేపు ఫోను చూపిస్తూ తినిపించవలసి వస్తున్నదనీ, ముక్కు మూసి పోస్తే అదే మింగుతాడని మీ అత్తయ్యగారు అంటున్నారనీ చెప్పారు. గుంటూరులో ఉంటున్న మాకు, నెలలు నిండకుండా పుట్టిన మా పాపతో దాదాపు ఇదే ఇబ్బంది ఎదురైంది కనుక వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ముక్కు మూసి పోయడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఊపిరి కోసం నోరు తెరిచిన క్షణంలో పోసిన ఉగ్గు శ్వాసనాళంలోకి జారి, ఊపిరితిత్తులకు చేరితే నిమోనియాకు దారితీయవచ్చు. కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయడం కూడా ఇంతే. పెద్దవాళ్ళు బిడ్డ మీద ప్రేమతోనే చెబుతారు, అయినా ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా నిలబడండి.

తరువాత తేల్చుకోవలసింది, బాబుకు తినాలని లేదా, లేక తినడం ఇంకా చేతకావడం లేదా అన్నది. ఎంత తిన్నాడన్న లెక్క చూస్తే ఇది తెలియదు, ఎలా తింటున్నాడో చూడాలి. మా పాపను పెద్దాసుపత్రిలో చూపించినప్పుడు వైద్యురాలు మందేమీ రాయకముందే, మేము వెంట తీసుకెళ్ళిన ఇడ్లీని తన ఎదురుగానే పెట్టమన్నారు. చెంచా తగలగానే పై పెదవి కిందికి దిగి దాన్ని తుడుస్తున్నదా, నాలుక ముద్దను పక్కకు, చిగుళ్ళ మధ్యకు నెడుతున్నదా, లేక పాలు తాగేటప్పటిలా ముందుకూ వెనక్కూ మాత్రమే ఆడుతున్నదా అని ఆమె చాలాసేపు గమనించారు. మా పాపకు పై పెదవి కదలడం లేదు, నాలుక పక్కకు తిరగడం లేదు. ఆకలి ఉన్నా ముద్దను ఏం చేయాలో తెలియని బిడ్డకు ఆకలి మందు వల్ల ప్రయోజనం లేదని ఆమె స్పష్టంగా చెప్పారు.

ఆ తరువాత మేము చేసినవి చాలా మామూలు పనులే. పాపను నిటారుగా కూర్చోబెట్టి, పాదాలు గాలిలో వేలాడకుండా కింద మడతపెట్టిన తువ్వాలు ఉంచేవాళ్ళం. లోతు తక్కువ ఉన్న చిన్న చెంచాను కింది పెదవి మీద ఆనించి, పై పెదవి తానే దిగేదాకా ఆగేవాళ్ళం. చక్కెరకేళి అరటిపండును మిక్సీకి బదులు ఫోర్కుతో మెత్తగా నలిపి, వారం వారం కొంచెం గరుకు పెంచి, ఆపై నెయ్యి వేసిన గట్టి పప్పన్నానికి వచ్చాం. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది: జారుగా ఉంటుంది కదా అని చారన్నం, మజ్జిగన్నం ముందు పెడతారు, కానీ నీళ్ళూ మెతుకులూ నోట్లో విడిపోయే ఆ తిండి, ఒకే తీరుగా ఉండే గట్టి ముద్ద కంటే బిడ్డకు కష్టం. పలుకులున్న తిండి తొమ్మిది, పది నెలలు దాటేదాకా అలవాటు కాని పిల్లలు తరువాత మరింత మొరాయిస్తారు కనుక, ఇంకా ఆలస్యం చేయకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. మీ బాబు నెలలు నిండకుండా పుట్టి ఉంటే, ఎన్ని వారాలు ముందు పుట్టాడో అంత వయసు తగ్గించి లెక్క చూడాలి.

డోకడాన్ని చూసి బెదిరిపోకండి. ఈ వయసులో డోకు నాలుక ముందు భాగం నుంచే వస్తుంది, అలవాటు పెరిగేకొద్దీ అది వెనక్కి జరుగుతుంది. డోకేటప్పుడు శబ్దం వస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, ముద్ద బయటికి వస్తుంది. గొంతుకు అడ్డం పడితే మాత్రం ఏడుపూ దగ్గూ వినపడవు, పెదవులు నీలమవుతాయి. అప్పుడు ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద 5 సార్లు చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కుతూ, ఇంకొకరి చేత 108కి ఫోను చేయించాలి. కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టకూడదు. పల్లీలు, శనగలు, నిండు ద్రాక్షపళ్ళు ఇప్పట్లో పెట్టకండి. ఏడాది నిండేదాకా తేనె కూడా వద్దు.

పూటకు 20 నుంచి 30 నిమిషాలు దాటకండి. తినకపోతే గిన్నె తీసేసి, తరువాతి పూట దాకా బిస్కెట్లు, సీసా పాలు మధ్యలో ఇవ్వకండి. తల్లిపాలు మాత్రం కొనసాగించండి, అయితే ముద్దకు ముందు కాక ముద్ద తరువాత ఇవ్వండి. ఫోను మాన్పించినప్పుడు మొదట తిండి తగ్గుతుంది, దానికి భయపడనవసరం లేదు. రక్తహీనత ఉన్నా ఆకలి మందగిస్తుంది కనుక వైద్యులను అడిగి రక్తపరీక్ష చేయించండి.

అయితే కొన్ని లక్షణాలకు ఇంటి ప్రయత్నాలు చాలవు. తల్లీబిడ్డ కార్డులోని ఎదుగుదల గీత అడ్డంగా నిలిచిపోయినా, కిందికి దిగినా, పాలు తాగేటప్పుడు నుదుటన చెమటలు పట్టి ఆయాసపడుతున్నా, ప్రతి పూటా పొలమారుతున్నా, తిన్నాక గొంతు గురగురమంటున్నా, నిమోనియా మళ్ళీ మళ్ళీ వస్తున్నా ఆలస్యం చేయకండి. ఆకుపచ్చని వాంతి అయితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గుండె జబ్బు, అంగిలి చీలిక, మింగే కండరాల లోపం వంటివి ఇలాగే బయటపడతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేసి పై వైద్యానికి పంపుతారు. అంగన్‌వాడీలో గానీ ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగంలో గానీ అడగండి.

వెళ్ళేటప్పుడు ఇంట్లో బాబు తినే తీరును, ముఖమూ నోరూ కనిపించేలా పక్కనుంచి వీడియో తీసి తీసుకెళ్ళండి. కొత్తచోట పిల్లలు నోరు తెరవరు, వైద్యులకు ఆ వీడియో ఎంతో ఉపయోగపడుతుంది.