ప్రామిసరీ నోటు కొంటే ప్లాటు మీద హక్కు వస్తుందా?

ప్రశ్న: ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాను. హనుమకొండలో ఉంటున్నాను. తెలిసిన ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి మడికొండ దగ్గర ప్లాట్లు అమ్మి, పూర్తి సొమ్ము కట్టలేని వారి నుంచి మిగతా బాకీకి ప్రామిసరీ నోట్లు రాయించుకున్నారు. అందులో 6 లక్షల నోటు ఒకటి నాకు 5 లక్షల 50 వేలకు ఇస్తానంటున్నారు. నూటికి రూపాయిన్నర వడ్డీ. నోటు రాసి రెండేళ్ల రెండు నెలలైంది. ‘ప్లాటు ఉంది కదా, మీ డబ్బు ఎక్కడికీ పోదు’ అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడున్న తీరులో అయితే వద్దు.

ముందు లెక్క చూడండి. 6 లక్షలకు నెలకు 9 వేల వడ్డీ. 26 నెలలకు 2 లక్షల 34 వేలు. పైసా ముట్టలేదనుకుంటే ఆ నోటు మీద ఇవాళ రావలసింది 8 లక్షల 34 వేలు. దాన్ని 5 లక్షల 50 వేలకే ఎందుకు వదులుకుంటున్నారు? వడ్డీ ఇప్పటికే వసూలు చేసుకొని ఉండాలి, లేదా బాకీ ఉన్నాయన చేతులెత్తేసి ఉండాలి. నోటు వెనక్కి తిప్పితే కొంత తెలుస్తుంది. కట్టిన ప్రతి మొత్తానికీ అక్కడ తేదీ వేసి, కట్టినాయన సంతకంతో చెల్లు రాసి ఉండాలి.

ఆ చెల్లుతో ఇంకో అవసరం కూడా ఉంది. అడిగిన వెంటనే చెల్లించాలని రాసిన నోటుకు, రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలో దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. మీకు మిగిలేది 10 నెలలే. నోటు చేతులు మారినంత మాత్రాన గడువు కొత్తగా మొదలు కాదు. గడువు లోపల కట్టి, సంతకంతో చెల్లు రాసి ఉంటే మాత్రం ఆ చెల్లింపు తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. అప్పిచ్చినాయనే తన దస్తూరితో రాసుకొని, కట్టినాయన సంతకం లేని చెల్లు కోర్టులో నిలబడదు.

ఇక ప్లాటు సంగతి. ప్రామిసరీ నోటుతో వచ్చేది మనిషి మీద హక్కే తప్ప భూమి మీద కాదు. నోటు వెనుక సంతకం చేసి మీకు బదిలీ చేస్తే, ఆ మనిషి నుంచి డబ్బు రాబట్టుకునే హక్కు మీకు వస్తుంది, అంతే. ప్లాటు తనఖాలో ఉందని చెబితే, ఆ తనఖా రిజిస్టరు అయిందా అని అడగండి. అయి ఉన్నా, అది మీ పేరుకు మారడానికి వేరుగా రిజిస్టర్డ్ దస్తావేజు కావాలి. సొమ్ము పూర్తిగా ముట్టని అమ్మకందారుకు ఆస్తి బదిలీ చట్టం ఆ ప్లాటు మీద కొంత రక్షణ ఇస్తుంది. కానీ మన సేల్ డీడుల్లో ‘ప్రతిఫలం మొత్తం ముట్టింది’ అని రాయడం మామూలు. ఆ ఒక్క వాక్యంతో వాదన సగం నీరుగారిపోతుంది. అసలు రిజిస్ట్రేషనే కాకపోతే చిక్కు ఇంకా పెద్దది. ‘ముందు రిజిస్ట్రేషన్ చేయించండి, తర్వాత కడతాను’ అని కొనుగోలుదారు ఎదురుతిరుగుతారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) కింద, రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఆ గొడవ సంగతి తెలిసీ నోటు కొంటే, ‘నాకేమీ తెలియదు’ అని కొనుగోలుదారు అభ్యంతరాన్ని తోసిపుచ్చే వీలు మీకు ఉండదు.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే కొనుగోలుదారును కూడా పిలిపించి ముగ్గురూ కూర్చోండి. మిగిలిన బాకీ తేల్చి, మీ పేరున నోటు తిరగరాయించుకోండి. రెవెన్యూ స్టాంపు అతికించి సంతకం దాని మీదుగా చేయించాలి. స్టాంపు లేని ప్రామిసరీ నోటును తర్వాత జరిమానా కట్టి కూడా సాక్ష్యంగా పెట్టలేము. మిగతా చాలా దస్తావేజులకు ఉన్న ఆ వెసులుబాటు దీనికి లేదు. దాంతోపాటే ప్లాటును మీకు రిజిస్టర్డ్ తనఖా పెట్టించండి. అప్పుడు తనఖా మీద దావాకు 12 ఏళ్ల గడువు ఉంటుంది. దానికి ముందు ఆ ప్లాటు మీది లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, ఆ ప్లాటు వేరేచోట తనఖాలో లేదని, లేఅవుటుకు ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందని చూసుకోండి. గుంటల లెక్కన అమ్మిన అనుమతి లేని వెంచర్ అయితే, డిక్రీ వచ్చినా వేలంలో కొనేవారు దొరకడం కష్టం. కొనుగోలుదారు అసలు రానంటే ఈ బేరం అక్కడితో వదిలేయండి.

ఇవన్నీ కాదని బదిలీ చేయించుకుంటే, ‘నాకు బాధ్యత లేదు’ అనే మాట వ్యాపారి నోటు వెనుక రాయకుండా చూసుకోండి. ఆ మాట లేకపోతే, బాకీదారు ఎగ్గొట్టినప్పుడు వ్యాపారిని కూడా దావాలో చేర్చవచ్చు. అయితే బాకీదారు కట్టలేదన్న నోటీసు ఆయనకు ఆలస్యం లేకుండా పంపాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. ‘నగదే కావాలి’ అని వ్యాపారి పట్టుబడితే కారణం అడగండి. ఒకటి లాభసాటిగా ఉందని వరుసగా నోట్లు కొనడం మొదలుపెడితే, వడ్డీ వ్యాపారమంటూ అవతలి వకీలు అభ్యంతరం లేవనెత్తుతారు. మన ప్రాంతంలో 1349 ఫస్లీ (అంటే క్రీ.శ. 1939-40) నాటి వడ్డీ వ్యాపారుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి దావాను కోర్టు కొట్టివేస్తుంది.

నోటు రెండువైపులా జిరాక్సు, సేల్ డీడు నకలు, ఈసీ తీసుకొని మీ వకీలుకు చూపించండి. అంతవరకు బయానా కింద ఏమీ ఇవ్వవద్దు.