నంబరు ఒకటే, మందు వేరు

ప్ర: డాలస్ దగ్గర ఉంటాను. జింకల వేటకి పాయింట్ 270 విన్‌చెస్టర్ తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటాను, అంటే కాల్చేసిన తూటా గుల్లల్లో మళ్లీ తుపాకీ మందు (పౌడర్) పోసి బుల్లెట్ బిగిస్తాను. ఎప్పుడూ వాడే హెచ్ 4831 పౌడర్ షాపులో అయిపోయింది, ఐఎంఆర్ 4831 మాత్రం ఉంది. రెండూ 4831లే కదా, పాత కొలతే పోసెయ్యొచ్చా?

జ: వద్దండీ, అస్సలు పొయ్యకండి. ఐఎంఆర్ 4831 మీ పాత పౌడర్ కన్నా కాస్త త్వరగా మండుతుంది, కాబట్టి హెచ్ 4831కి పై హద్దుగా ఉన్న కొలత ఇందులో పోస్తే తుపాకీలో ఒత్తిడి హద్దు దాటిపోవచ్చు. ఈ తికమక పాతదే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 20 మిల్లీమీటర్ల ఫిరంగి గుళ్ల కోసం చేసిన మందు బోలెడు మిగిలిపోతే బ్రూస్ హాడ్జ్‌డన్ అది కొని వేటగాళ్లకి చౌకగా అమ్మాడు, దానికి గిరాకీ పెరిగాక డూపాంట్ కూడా అదే నంబరుతో ఐఎంఆర్ 4831 తెచ్చింది. ఇప్పుడు రెండు బ్రాండ్లూ హాడ్జ్‌డన్ కంపెనీవే, నంబర్లు మాత్రం అలాగే ఉంచేశారు!

దీనికి తలకిందులు కూడా ఉంది. హెచ్ 110, విన్‌చెస్టర్ 296 పేర్లు వేరు, పౌడర్ ఒకటే. మీదాంట్లోనే హెచ్ 4831 ఎస్‌సీ అని ఒకటుంది, అదే మందు, గింజలు పొట్టిగా కోస్తారంతే, కొలిచే యంత్రంలోంచి సాఫీగా పడుతుంది, పాత డేటానే (ఎంత మందు పొయ్యాలో చెప్పే కొలతల పట్టిక) పనికొస్తుంది. దొరికితే అదే కొనండి, టెన్షన్ ఉండదు.

బర్న్ రేట్ చార్ట్ (ఏ పౌడర్ ఎంత త్వరగా మండుతుందో వరసగా పెట్టిన జాబితా) చూసి రెండూ పక్కపక్కన ఉన్నాయి కదా అని ధైర్యం చెయ్యకండి. పరీక్షల్లో ర్యాంకుల్లాంటిదే అది, ముందెవరో వెనకెవరో చెబుతుంది గానీ మధ్య ఎన్ని మార్కుల తేడానో చెప్పదు.

ఐఎంఆరే కొంటే దాని పేరుతో, మీ బుల్లెట్ బరువుకి అచ్చయిన డేటా తీసుకుని, అందులో మొదటి కొలత నుంచి కొంచెం కొంచెంగా పెంచండి. పైగా మీది టెక్సాస్, హెచ్ 4831 వేడికి పెద్దగా మారకుండా తయారుచేసింది, ఐఎంఆర్‌కి ఆ సుగుణం తక్కువ, నవంబరు చలిలో బాగున్న లోడ్ ఆగస్టు ఎండలో ఒత్తిడి పెంచుతుంది. పాత డబ్బా అడుగున మిగిలింది ఉంటే కొత్తదాంట్లో కలపకండి.