ఎన్నారై సందేహాలు: జీతం లేకుండా అక్కడి పేపర్లో, రేడియోలో పనిచేయొచ్చా?

గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మవాళ్ళ పై వాటాలో ఉండే అమ్మాయి మూడేళ్ళు ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేసింది. మిర్చి యార్డు వార్తలు ఎక్కువగా రాసేది. పెళ్ళయింది, వచ్చే నెల హెచ్-4 వీసా మీద, అంటే అక్కడ ఉద్యోగం చేసే భర్త వెంట వెళ్ళే వీసా మీద, డాలస్ వెళ్తోంది. నేను సెలవుకి వచ్చానని తెలిసి కిందికి వచ్చి అడిగింది. "బాబాయ్, డబ్బులివ్వకపోయినా పర్లేదు, అక్కడ పేపర్లోనో రేడియోలోనో చేరనిస్తారా? రాయకుండా ఉండలేను" అంది. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

చేరొచ్చమ్మా. కానీ ముందు వీసా సంగతి చూసుకో. జీతం తీసుకోకపోతే అది ఉద్యోగమే కాదని మనవాళ్ళు చాలామంది ధీమాగా ఉంటారు. అమెరికా చట్టం అలా చూడదు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసిపెట్టినా ఉద్యోగం కిందికే రావచ్చు. లాభం కోసం నడిచే పత్రిక "ఆర్నెల్లు ఫ్రీగా రాయండి, తర్వాత చూద్దాం" అంటే, చేతిలో వర్క్ పర్మిట్ లేనప్పుడు ఒప్పుకోవద్దు. లాభాపేక్ష లేని సంస్థలో, ఎప్పుడూ వాలంటీర్లే చేసే పనైతే భయం లేదు. చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. చదువయ్యాక అక్కడే పనిచేయనిచ్చే అనుమతిని ఓపీటీ అంటారు. మొదటి ఏడాది ఓపీటీలో చదువుకి సంబంధించిన పనిని జీతం లేకుండా వారానికి కనీసం 20 గంటలు చేసినా ఉద్యోగంగా లెక్కలోకి వస్తుంది. సైన్సు, ఇంజనీరింగు లాంటివి చదివినవాళ్ళకి ఆ అనుమతిని పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో మాత్రం రాదు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓని అడిగి, జవాబు మెయిల్లో తీసుకుని దాచుకోండి.

ఇక రేడియో. మనకి రేడియో అంటే 1948 నుంచీ వింటున్న విజయవాడ ఆకాశవాణి. అది సర్కారు స్టేషను, లోపలికి వెళ్ళాలంటే ఆడిషన్. అక్కడి కమ్యూనిటీ రేడియోలు అలా కాదు, వినేవాళ్ళ చందాల మీదే చాలావరకు నడుస్తాయి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1949లో మొదలైన కేపీఎఫ్‌ఏ అలాంటిదే. డాలస్‌లో 89.3 మీద వచ్చే కేఎన్‌ఓఎన్ 1983 నుంచి నడుస్తోంది. అలాంటి చోటికి వెళ్ళగానే మైకు అడగవద్దు. చందాలు పోగుచేసే రోజుల్లో ఫోన్ల దగ్గర కూర్చుంటానని చెప్పు. నాలుగు నెలలు క్రమం తప్పకుండా వెళ్తే స్టూడియోలో మైకులు, పాటలు కలిపే కంట్రోల్ బోర్డు నడపడం వాళ్ళే నేర్పుతారు. నాకు అలాగే నేర్పారు.

మైకు చేతికొచ్చాక మన అలవాట్లు కొన్ని మానుకోవాలి. వాణిజ్యేతర స్టేషన్లో స్పాన్సర్ పేరు, చిరునామా, ఏం అమ్ముతారో చెప్పొచ్చు. "గుంటూరు గోంగూర పచ్చడి, ఊళ్ళోకెల్లా బెస్ట్, సీసా ఇంత, ఇవాళే రండి" అనకూడదు. ధర చెప్పకూడదు, పొగడకూడదు, కొనమని పిలవకూడదు. నోరు జారితే ఇబ్బంది పడేది స్టేషను లైసెన్సు.

ఫోన్ ఇంటర్వ్యూ విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. మన ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయనతో అరగంట మాట్లాడి రికార్డు చేశాను. ప్రసారం చేస్తానని ముందుగా చెప్పలేదు. ప్రసారం కోసం ఫోన్ రికార్డు చేస్తుంటే అవతలివాళ్ళకి ముందే చెప్పాలన్నది అక్కడి నిబంధన. ప్రోగ్రాం చూసే ఆవిడ మొత్తం పక్కన పెట్టేసింది. ఆయన నమ్మి చెప్పుకున్న కష్టం ఎవరి చెవినా పడలేదని నాకు ఇప్పటికీ బాధే.

పేపర్ల మాటకొస్తే, లాభాపేక్ష లేని స్థానిక వార్తాసంస్థల్ని వెతుక్కో. సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు సమావేశాలకి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, పాసులేమీ అక్కర్లేదు. మూడుసార్లు పూర్తిగా కూర్చుని, నోట్సు రాసుకుని, ఆ నోట్సుతో ఎడిటర్‌కి మెయిల్ పెట్టు. యార్డులో తెల్లారకముందే నిలబడి రైతులతో మాట్లాడినదానివి, నీకిది కష్టం కాదు. మన సమాచార హక్కు చట్టంలో 30 రోజులు గడువు కదా, టెక్సాస్‌లో కాగితాలు అడిగితే సాధారణంగా పది పనిదినాల్లోపు ఏదో ఒక కదలిక రావాలి. వాడుకో.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. తెలుగు సంఘాల సన్మానాల వార్తల దగ్గరే ఆగిపోవద్దు. నువ్వు సభ్యురాలిగా ఉన్న సంఘం గురించి విలేకరిగా అసలు రాయొద్దు. మనవాళ్ళ అద్దె కష్టాలు, వీసా టెన్షన్లు, తల్లిదండ్రుల్ని పిలిపించుకుంటే వాళ్ళు పడే ఒంటరితనం, ఇవి ఇంగ్లీషు పేపర్‌కి చెప్పగలిగేది మన భాష వచ్చినవాళ్ళే.

బయలుదేరేలోపు నీ పేరుతో వచ్చినవాటిలో మంచివి ఐదు ఏరుకో. పక్కనే ఇంగ్లీషు అనువాదం టైపు చేయించి పెట్టుకో. రెండు నిమిషాల వాయిస్ శాంపిల్ తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రికార్డు చేసుకో అన్నాను. సాయంత్రానికి పాత కటింగుల ఫైలు పట్టుకుని మళ్ళీ కిందికి వచ్చింది. కూర్చుని ఇద్దరం ఏరడం మొదలుపెట్టాం.