పీసీఓఎస్‌కు పిల్లలు పుట్టే ట్రీట్‌మెంట్ అంటే ముందు షుగర్ టెస్ట్ ఎందుకు?

పాలమూరుల డాక్టరమ్మ ఎగ్ పెరిగే మందు రాయకముందే షుగర్ టెస్ట్ రాసిందని అడిగిన్రు గదా, కరెక్టే చేసింది. పీసీఓఎస్ అంటే హార్మోన్లు గాడితప్పి అండాశయంల ఎగ్ సరిగ్గ పెరగని సమస్య, ఇది ఉన్న చానామందికి షుగర్‌ను అదుపుల పెట్టే ఇన్సులిన్ సరిగ్గ పనిచెయ్యది, అందుకని ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తది, అది పోయి అండాశయంల మగ హార్మోన్లను పెంచుతది, ఎగ్ సగం పెరిగి ఆగిపోతది, గప్పుడు ఎగ్ పెరిగే మందు లెట్రోజోల్ ఇచ్చినా కొందరికి డోసు పెంచాల్సొస్తది. సన్నగున్నోళ్లక్కూడ ఇది ఉండొచ్చు. పరగడుపు షుగర్ నార్మలొచ్చిందని ఊకోకుండ్రి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగి 2 గంటలకు చూసేదే అసలు టెస్ట్. బరువు ఎక్కువుంటే 5 శాతం తగ్గినా, అంటే 70 కిలోలుంటే మూడున్నర కిలోలు, కొందరికి నెలసరి దానంతటదే లైన్లకొస్తది. ఒక పూట అన్నం బదులు జొన్నరొట్టె తినుండ్రి, పాలమూరోళ్లకు ఇది చెప్పాల్నా! కానీ వయసు 35 దాటినోళ్లు బరువు తగ్గేదాంక ట్రీట్‌మెంట్ ఆపుకోకుండ్రి, రెండూ కలిపి నడిపియ్యొచ్చా అని డాక్టరమ్మనే అడగుండ్రి.