మేకుతో చేసిన విద్యుదయస్కాంతానికి గుండుసూది ఎందుకు అంటుకోదు?

"మూడంగుళాల మేకుకు రాగి తీగ 40 చుట్లు చుట్టి పెన్సిల్ సెల్‌కు కలిపాం. తీగ చురుక్కుమంటోంది గానీ ఒక్క గుండుసూదీ లేవడం లేదు. చుట్లు పెంచితే సరిపోతుందా?" అని అడిగారు.

ముందు తీగ సంగతి చూడండి. వేడెక్కుతోందంటే కరెంటు పారుతోంది. సూది లేవడం లేదంటే బహుశా ఆ కరెంటు మేకు చుట్టూ తిరగడం లేదు. మీది పాత కరెంటు వైరు తొడుగు ఒలిచి తీసిన ఉత్త రాగి తీగ అయి ఉండొచ్చు. చుట్టుకు చుట్టు ఆనగానే కరెంటు అడ్డదారిన దాటిపోతుంది. 1825లో ఇంగ్లండుకు చెందిన విలియం స్టర్జన్ తన విద్యుదయస్కాంతానికి ఇనుముకు వార్నిష్ పూసి, ఉత్త తీగను ఎడంగా 18 చుట్లు మాత్రమే చుట్టింది ఇందుకే. తీగకే పట్టు తొడిగి పొర మీద పొర చుట్టింది అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ.

మోటార్ వైండింగ్ షాపులో 26 గేజి (దాదాపు అర మిల్లీమీటరు మందం) ఎనామిల్ తీగ, అంటే కరెంటు దాటనివ్వని పూత ఉన్న రాగి తీగ, తూకానికి ఇస్తారు. 50 గ్రాములు తీసుకుంటే 30 మీటర్ల పైనే వస్తుంది. ఆ పూతదీ రాగి రంగే, అందుకే ఉన్నట్టు తెలియదు. రెండు కొసలూ రెండేసి సెంటీమీటర్లు ఉప్పుకాగితంతో చుట్టూతా గీకండి. గీకకపోతే వేడీ ఉండదు, సూదీ లేవదు.

ఇక చుట్లు. "చుట్లు పెరిగితే బలం పెరుగుతుంది" అని పిల్లల చేత వల్లె వేయిస్తారు, "కరెంటు మారకపోతే" అన్న ముక్క మాత్రం వదిలేస్తారు. పరీక్షలో మార్కు పడుతుంది, చేతిలో మేకు పనిచేయదు. నాకు బాధ అదే. లెక్క చూడండి. సెల్ 1.5 వోల్టులు, దాని అంతర్నిరోధం, అంటే సెల్ లోపలే కరెంటుకు ఉండే అడ్డు, 0.3 ఓమ్‌లు అనుకుందాం. 5 మిల్లీమీటర్ల మందం మేకుకు 100 చుట్లంటే కొసలతో కలిపి 2 మీటర్ల తీగ, 0.2 ఓమ్‌లు. కరెంటు 3 ఆంపియర్లు, చుట్లతో గుణిస్తే 300. మేకు బలం ఈ గుణకారాన్ని బట్టే ఉంటుంది. అదే 400 చుట్లయితే తీగ నిరోధం 0.9 ఓమ్‌లు దాటుతుంది, కరెంటు 1.2 ఆంపియర్లకు పడిపోతుంది, గుణిస్తే 490 లోపే. చుట్లు నాలుగింతలైనా బలం రెండింతలు కూడా కాలేదు. ఆపైన చుట్టినా బలం పెద్దగా పెరగదు. అయినా చుట్టడం మంచిదే, సెల్ తొందరగా చావదు, తీగ కాలదు. నన్నడిగితే 200 చుట్లు, రెండు పొరలు.

రెండో పొర దగ్గరే చాలామంది పొరపడతారు. తీగ మేకు మొన నుంచి తలవైపు వెనక్కి రావచ్చు, చేయి తిరిగే దిశ మాత్రం మారకూడదు. మారిందా, ఒక పొర బలాన్ని రెండోది చంపేస్తుంది.

బలం చాలలేదని ఇంటి కరెంటు ప్లగ్గులోగానీ, ఫోన్ బ్యాటరీకిగానీ కలపొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. చిన్న 9 వోల్టుల బ్యాటరీ కూడా దండగ, దాని అంతర్నిరోధమే ఎక్కువ. పెన్సిల్ సెల్‌నైనా ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి కలిపి ఉంచకండి.

మేకు మామూలు ఇనుపదై ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలు రకాలు చాలావాటికి అయస్కాంతం అంటదు. గోడలకు కొట్టే గట్టి ఉక్కు మేకయితే, సెల్ తీసేసినా సూదులు వేలాడుతూనే ఉంటాయి. వేరేది దొరక్కపోతే తీగ చుట్టకముందే దాన్ని పొయ్యిలో ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి, రాత్రంతా నిదానంగా చల్లారనివ్వండి, ఉక్కు మెత్తబడి ఆ గుణం తగ్గుతుంది.